లైవ్ మ్యూజికల్‌కి స్టార్‌ని ఎంచుకునే ముందు డైలాగులు లెక్కపెట్టుకోవాలి

మీరు అడిగింది రెండు సంగతులు. అమెరికా చానళ్ళు లైవ్‌గా వేసే స్టేజీ మ్యూజికల్స్‌కి, అంటే పాటలతో నడిచే నాటకాలకి, ఏ నాటకం, ఏ స్టార్ అయితే జనం చూస్తారు అన్నది ఒకటి, మీరైతే దేన్ని ఎంచుకుంటారు అన్నది రెండోది. నేను టీవీ మనిషిని కాను, ముందే చెప్పేస్తున్నాను. న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మాయి హైస్కూల్లో ఉన్నన్నాళ్ళూ వాళ్ళ మ్యూజికల్స్‌కి తెర వెనక పిల్లలకి మైకులు తగిలించే పని నాది, ఇక్కడి తెలుగువాళ్ళ ఉగాది నాటకాలకి కూడా అదే పని మీద పడింది. 2013 నుంచి వచ్చిన ఈ లైవ్‌లు మాత్రం మా ఇంట్లో దాదాపు అన్నీ చూశాం, చూసి మా వాళ్ళు బాగా పోట్లాడుకున్నారు కూడా.

నా లెక్క ఒక్కటే. స్టార్ ఎంత బాగా పాడతారన్నది అందరూ చూస్తారు, కానీ పాటకీ పాటకీ మధ్య ఆ స్టార్ ఎంతసేపు మాట్లాడాలో ఎవరూ చూడరు. కొంప మునిగేది అక్కడే.

2013 డిసెంబర్ 5న ఎన్‌బీసీ చానల్ 'ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్' వేసింది. హీరోయిన్ మరియా పాత్రకి క్యారీ అండర్‌వుడ్‌ని పెట్టారు, కంట్రీ పాటల్లో పెద్ద పేరు. కోటీ 80 లక్షల మందికి పైగా చూశారు, అంటే పేరు పని చేసింది, అందులో అనుమానం లేదు. ఆ డిసెంబర్‌లో మా అత్తయ్యగారూ మామయ్యగారూ మా దగ్గరే ఉన్నారు. మరియా పాడినంతసేపూ అత్తయ్యగారు తల ఊపుతూ విన్నారు, హీరో కెప్టెన్‌తో మాటలు మొదలయ్యేసరికి "ఈ అమ్మాయి పాఠం అప్పజెబుతోందేమిటే" అన్నారు. ఇంగ్లీషు సగమే అర్థమయ్యే మనిషికి కూడా అది తెలిసిపోయింది! మర్నాడు విమర్శకులు రాసింది కూడా ఇంచుమించు ఇదే. ఆమెని అని లాభం లేదు, పాటల కచేరీలు చేసుకునే మనిషిని మూడు గంటల స్లాట్‌లో, ప్రేక్షకులే లేని స్టూడియోలో, రీటేకు లేకుండా, పేజీలకి పేజీలు మాట్లాడమంటే ఎవరైనా అంతే. దానికి తోడు చుట్టూ పెట్టినవాళ్ళు ఎవరనుకున్నారు? మఠం పెద్ద మదర్ అబెస్‌గా ఆడ్రా మెక్‌డొనాల్డ్, మాక్స్‌గా క్రిస్టియన్ బోర్ల్, ఎల్సాగా లారా బెనాంటి, అందరూ న్యూయార్క్‌లో పెద్ద నాటకాలాడే బ్రాడ్‌వే వాళ్ళే. బెనాంటి అయితే 1998లో మొదలైన బ్రాడ్‌వే ప్రొడక్షన్‌లో కొన్నాళ్ళు స్వయంగా మరియా వేసిన మనిషి. ఆవిడ పక్కన నిలబడి మాట్లాడుతుంటే ఈవిడ ఇంకా తేలిపోయింది.

ఇప్పుడు దీని పక్కన 2018 పెట్టి చూడండి. అదే ఎన్‌బీసీ, ఏప్రిల్ 1న, సరిగ్గా ఈస్టర్ ఆదివారం రాత్రి 'జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్' వేసింది. జీసస్‌గా జాన్ లెజెండ్. నటుడిగా ఆయనకి క్యారీ అండర్‌వుడ్ కన్నా గొప్ప అనుభవం ఉందని నేను అనుకోను. కానీ ఆ నాటకంలో విడిగా మాటలు లేవు, మొదటి నుంచి చివరి దాకా అన్నీ పాటలే. ఆయనకి చేతకాని పని అందులో లేనే లేదు! కథని నడిపే బరువంతా జీసస్‌ని పట్టించిన జూడాస్ మీద ఉంటుంది, ఆ పాత్రని అంతకుముందు బ్రాడ్‌వే మ్యూజికల్ 'హామిల్టన్'లో ఆరన్ బర్ వేసిన బ్రాండన్ విక్టర్ డిక్సన్‌కి ఇచ్చారు. హెరోద్ రాజుది ఒక్క పాట, దానికి రాక్ గాయకుడు ఆలిస్ కూపర్ వచ్చి అదరగొట్టి వెళ్ళిపోయాడు. బ్రూక్లిన్‌లో ఒక పాత ఆర్మరీలో, అంటే ఆయుధాగారంలో, నిజం ప్రేక్షకుల మధ్య చేశారు, జనం అరుపులు టీవీలో వినపడుతుంటే ఇంట్లో మాక్కూడా ఊపొచ్చింది. 90 లక్షల మందికి పైగా చూశారు. ఆ ఏడాది దానికే ఎమ్మీ వచ్చి, లెజెండ్‌కీ, రాసిన ఆండ్రూ లాయిడ్ వెబర్‌కీ టిమ్ రైస్‌కీ టీవీకి ఎమ్మీ, సంగీతానికి గ్రామీ, సినిమాకి ఆస్కార్, నాటకానికి టోనీ, నాలుగు పెద్ద అవార్డులూ పూర్తయ్యాయి. స్టార్ సరిపోయింది నాటకం వల్ల అని నేనంటే మా అమ్మాయి ఒప్పుకోదు, లెజెండ్ వల్లే అంటుంది. సరే.

ప్రేక్షకుల సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా, దీన్ని చానళ్ళు చాలా ఆలస్యంగా పట్టించుకున్నాయి. మొదట్లో ఎన్‌బీసీ వేసినవాటిలో పాట అయిపోగానే నిశ్శబ్దం. చప్పట్ల కోసం రాసిన పాట అయ్యాక చప్పట్లు పడకపోతే, నటులు ఒక్క క్షణం ఎటూ కాకుండా నిలబడిపోతారు, అది మైకు దగ్గర ఉండేవాళ్ళకి ఇంకా బాగా తెలుస్తుంది. 2016 జనవరి 31న ఫాక్స్ చానల్ 'గ్రీజ్' వేసినప్పుడు ఈ లెక్క మారింది. వార్నర్ బ్రదర్స్ స్టూడియోలో సెట్ నుంచి సెట్‌కి బగ్గీల్లో పరుగులు, జనాన్ని సీన్లలోనే కలిపేశారు, ఆ రోజు వాన పడితే మొదటి పాటకి గొడుగులు పట్టుకుని మరీ చేశారు. దర్శకుడు థామస్ కెయిల్, 'హామిల్టన్' తీసిన మనిషి. కోటీ 20 లక్షలు దాటారు చూసినవాళ్ళు. అందులో హీరో ఆరన్ ట్వీట్ బ్రాడ్‌వే వాడు, వెనెస్సా హజెన్స్ చిన్నప్పటి నుంచి పాడుతూ నటిస్తున్న అమ్మాయి, ఒక్కరు కూడా కేవలం పేరు కోసం తెచ్చినవాళ్ళు కాదు. రిజో పాత్ర వేసిన వెనెస్సా తన పాట పాడుతున్నప్పుడు, ముందు రోజు రాత్రే ఆమె తండ్రి చనిపోయారని తెలిసి చూస్తున్న మాకెవరికీ నోట మాట రాలేదు.

మామయ్యగారిది తెనాలి. ఈ స్టార్ల గొడవ వింటూ ఆయన అన్న మాట నాకు బాగా నచ్చింది. మన కాంట్రాక్టు నాటకాల్లో 'శ్రీకృష్ణ రాయబారం' ఒక్క రాత్రికి ఇద్దరు ముగ్గురు కృష్ణుల్ని దింపేవాళ్ళు. పడక సీనుకి ఒకరు, రాయబారం సీనుకి ఇంకొకరు. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు లాంటి వాళ్ళ పేర్లు పోస్టరు మీద ఉంటే చాలు, టికెట్లు తెగేవి, పద్యానికి వన్స్‌మోర్‌లు పడేవి. ఎవరు ఏ సీనులో పండుతారో కాంట్రాక్టరుకి తెలుసు, ఆ సీనే వాళ్ళకి ఇచ్చేవాడు. కృష్ణుడి ముఖం మధ్యలో మారిపోయిందని ప్రేక్షకుడు గొడవ చెయ్యలేదు. అమెరికా టీవీలో ముఖం మార్చలేరనుకోండి, కానీ స్టార్‌కి వాళ్ళు పండే సీను మాత్రమే ఇవ్వచ్చు కదా. ఆలిస్ కూపర్‌కి చేసింది అదే.

ఇక్కడ మా ఊళ్ళో కూడా ఒకసారి చూశాం. పండగ నాటకానికి ఇండియా నుంచి వచ్చిన ఒక గాయకుడిని హీరో చేద్దామన్నారు కమిటీవాళ్ళు, టికెట్లు పోతాయని. పోయాయి. పద్యాలు బ్రహ్మాండం. మాటల దగ్గరికి వచ్చేసరికి ఆయన మైకుని చేత్తో తడుముకుంటూ, తర్వాతి వాక్యం కోసం పక్క పాత్రధారి ముఖం చూస్తూ... ఆ పక్క పాత్రధారి అసలు వృత్తికి ఫార్మసిస్టు, ఆయనే ఇద్దరి డైలాగులూ కలిపి చెప్పి గట్టెక్కించాడు.

కొత్తవాళ్ళని లీడ్‌గా పెట్టి, చుట్టూ స్టార్లని నిలబెట్టే పద్ధతి నాకు ఇంకా నచ్చుతుంది. 2015లో 'ది విజ్'కి అలాగే చేశారు. హీరోయిన్ డొరొతీగా ఓపెన్ ఆడిషన్‌లో దొరికిన షనీస్ విలియమ్స్, చుట్టూ క్వీన్ లతీఫా, మేరీ జె. బ్లైజ్, నీ-యో, డేవిడ్ అలన్ గ్రియర్. పైగా 1975లో బ్రాడ్‌వే మీద డొరొతీ వేసిన స్టెఫనీ మిల్స్‌ని ఇందులో ఆంటీ ఎమ్‌గా పెట్టారు, అది తెలిసిన మా పక్కింటావిడ ఆవిడ పాటకి ఏడ్చేసింది. కోటీ 15 లక్షల మంది చూశారు. అంతకు ముందు ఏడాది 'పీటర్ పాన్'కి 92 లక్షలే. అందులో కెప్టెన్ హుక్‌గా క్రిస్టఫర్ వాకెన్ సగం నిద్రలో ఉన్నట్టు ఆడాడని అందరూ ఆడిపోసుకున్నారు, నాకైతే ఆయన ఉన్నప్పుడే కాస్త సరదాగా అనిపించింది. అసలు చిక్కు మూడు గంటల సాగతీత, మధ్యలో యాడ్‌లు. ఎగిరే పిల్లవాడి కథ యాడ్ తర్వాత మళ్ళీ నేల మీద నుంచి మొదలవుతుంది ప్రతిసారీ.

నాటకం ఎంపికలో ఇంకో మెలిక ఉంది, జనానికి తెలిసింది సినిమా, చానల్ వేసేది స్టేజీ నాటకం. 'సౌండ్ ఆఫ్ మ్యూజిక్'లో ఉరుములప్పుడు పిల్లలు మరియా గదిలోకి పరిగెత్తుకొచ్చే చోట, సినిమా చూసినవాళ్ళందరూ ఎదురుచూసే 'మై ఫేవరెట్ థింగ్స్' పాట అక్కడ రాలేదు, మేకలకాపరి పాట వచ్చింది. స్టేజీ నాటకంలో అంతే, ఆ 'ఫేవరెట్ థింగ్స్' పాటని అంతకుముందే మఠంలో మదర్ అబెస్‌తో కలిసి పాడేస్తుంది మరియా. మా ఇంట్లో ముగ్గురు ఒకేసారి "ఇదేంటి, మార్చేశారు" అన్నారు. సినిమా బాగా తెలిసిన కథ అయితే జనం టీవీ ముందుకి వస్తారు, వచ్చాక సినిమాలో మరియా వేసిన జూలీ ఆండ్రూస్‌తో పోలుస్తూ కూర్చుంటారు. రెండూ ఒకే ప్యాకేజీ, ఒకటి తీసుకుని ఇంకోటి వద్దంటే కుదరదు.

పాత రోజుల్లో ఈ తలనొప్పి తక్కువ. 1955 మార్చి 7న ఎన్‌బీసీ వేసిన 'పీటర్ పాన్' అయితే, బ్రాడ్‌వేలో అప్పుడే ముగిసిన నాటకాన్ని మేరీ మార్టిన్‌తో సహా తెచ్చి స్టూడియోలో పెట్టారు. అన్నీ కంఠతా వచ్చినవాళ్ళే. ఆరున్నర కోట్ల మంది చూశారని చెప్తారు. 1957 మార్చి 31న సీబీఎస్ 'సిండరెల్లా' ఇంకో దారి, రోజర్స్, హామర్‌స్టైన్ దాన్ని టీవీ కోసమే, జూలీ ఆండ్రూస్‌ని దృష్టిలో పెట్టుకునే రాశారు. పది కోట్లు దాటిందట. అప్పుడు దేశమంతా వచ్చే చానళ్ళు మూడో నాలుగో లెండి, ఆ అంకెల్ని ఇప్పటివాటితో పోల్చి ఏడవక్కర్లేదు.

స్టాండ్‌బై గురించి, అంటే నటుడికి ఏదైనా అయితే ఆ పాత్ర వెయ్యడానికి రెడీగా ఉండే మనిషి గురించి, చెప్పకపోతే ఈ జవాబు దండగ. 2019 జనవరి 27న ఫాక్స్ 'రెంట్' వేసింది. ముందు రోజు డ్రెస్ రిహార్సల్‌లో రోజర్ పాత్రధారి బ్రెన్నిన్ హంట్ పాదం ఎముక విరిగింది. స్టాండ్‌బై లేడు! లైవ్ అని ఊరంతా చెప్పి, చివరి భాగం తప్ప మిగతాదంతా రిహార్సల్ రికార్డింగే వేశారు. 34 లక్షల మంది చూశారు. మా అమ్మాయి స్కూల్లో మ్యూజికల్ మార్చిలో ఉండేది, ఫ్లూ సీజన్ అని టీచరు ప్రతి ముఖ్య పాత్రకీ ఇద్దరు పిల్లల్ని తయారుచేసి, రెండో పిల్లకి కూడా ఒక ప్రదర్శన ఇచ్చేది. స్కూలు బడ్జెట్‌లో కుదిరింది చానల్‌కి కుదరదా? ఎన్‌బీసీ 2021లో 'ఆనీ' చేసేటప్పుడు జేన్ క్రకౌస్కీకి కోవిడ్ వస్తే మెగన్ హిల్టీని అప్పటికప్పుడు దింపారు. ఆ పాత్ర చిన్నది, హిల్టీ బ్రాడ్‌వే మనిషి, కాబట్టి సాగింది. స్టార్ పేరు మీదే ప్రోగ్రాం అమ్ముకుంటే ఆ స్టార్‌కి బదులు ఎవరూ ఉండరు. 'బై బై బర్డీ'ని జెన్నిఫర్ లోపెజ్‌తో అని ప్రకటించి, ఆవిడ వీలు కోసం వాయిదా వేసి, చివరికి మానేశారు కదా.

నన్నడిగితే 'జోసెఫ్ అండ్ ది అమేజింగ్ టెక్నికలర్ డ్రీమ్‌కోట్' వెయ్యమంటాను. 'సూపర్‌స్టార్' రాసిన ఇద్దరిదే, ఇందులోనూ దాదాపు అంతా పాటలే. గంటన్నర, కొంచెం అటూ ఇటూ, యాడ్‌లతో కలిపి రెండు గంటల స్లాట్‌లో ఇమిడిపోతుంది, పిల్లల నిద్ర టైముకి అయిపోతుంది. ఇక్కడా బ్రిటన్‌లోనూ స్కూళ్ళు దీన్ని తెగ వేస్తాయి, అంటే ప్రతి వీధిలోనూ పాటలు వచ్చినవాళ్ళు ఉంటారు. వేసినవాళ్ళ అమ్మానాన్నలు ఎలాగూ చూస్తారు. జోసెఫ్‌గా మంచి గొంతున్న కొత్త కుర్రాడు, బ్రాడ్‌వే కోరస్ నుంచి అయినా సరే. బీబీసీ 2007లో ఈ పాత్ర కోసమే పోటీ పెట్టి, జనం ఓట్లతో లీ మీడ్‌ని ఎంపిక చేసి లండన్ స్టేజీ ఎక్కించింది, ఎన్‌బీసీ కూడా అలాంటిదేదో ముందు నెలల్లో నడిపితే ప్రచారం ఉచితంగా వస్తుంది. కథ చెప్పే నెరేటర్ పాత్ర మొత్తం పాటే కాబట్టి అక్కడ పెద్ద పాప్ గాయనిని పెట్టచ్చు, మాటలు అప్పజెప్పే పని లేదు.

పోస్టరు మీద పెద్ద అక్షరాలతో వేసే పేరు మాత్రం ఈజిప్టు రాజు ఫారో పాత్రకి. రాక్ గాయకుడు ఎల్విస్ తరహాలో ఒక పాట పాడి, జనం చేత గోల చేయించి వెళ్ళిపోవాలి. ఆ పాత్రకి ఏ కంట్రీ స్టార్ అయినా సరే, అండర్‌వుడ్ వేస్తానన్నా నాకు అభ్యంతరం లేదు. పక్కన ఇంకొకర్ని మాత్రం రెడీగా ఉంచుకోవాలి.