మేనల్లుడికి అత్త ఉత్తరం: ముందు నీ నోరు చదువు

చిరంజీవి నాన్నా,

నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. పళ్ల పేర్లన్నీ కలగాపులగం అయిపోతున్నాయన్నావు. మైనం దిమ్మ మీద చెక్కిన పన్నును మేడమ్ మూడోసారి కూడా వెనక్కి ఇచ్చేశారన్నావు. బీడీఎస్‌లో (దంతవైద్యం చదువులో) చేరి తప్పు చేశానేమో అని కూడా అన్నావు. నువ్వేం తప్పు చేయలేదు నాన్నా. చదివే తీరు కాస్త మార్చుకుంటే చాలు. శ్రీకాకుళం వైపు పళ్ల డాక్టర్‌గా ముప్పై ఏళ్లకు పైగా నోళ్లు చూసినదాన్ని, నాకు తెలిసింది రాస్తున్నాను. టెన్షన్ పడకుండా నిదానంగా చదువు.

ఈ వారం పుస్తకం తెరిచే ముందు చేతులు శుభ్రంగా కడుక్కుని, అద్దం ముందు నిలబడి, ఫోన్ టార్చి వేసుకో. కింది పెదవిని కిందికి లాగు. పళ్ల మెడల దగ్గర గట్టిగా, ఎముకకు అతుక్కుని, బత్తాయి తొక్క మీద ఉన్నట్టు సన్నటి గుంటలతో కనిపించే చిగురు అటాచ్డ్ జింజైవా. దాని కింద ఎర్రగా, పలచగా, పెదవితో పాటు కదిలేది ఆల్వియోలార్ మ్యూకోజా. పెదవిని లాగుతూ వదులుతూ ఉంటే కదిలేదానికీ కదలనిదానికీ మధ్య ఒక గీత తేలుతుంది. మ్యూకోజింజైవల్ జంక్షన్ అంటే అదే. ఇప్పుడు అంగిలి వైపు చూడు, అక్కడ ఆ గీత లేదు. ఎందుకు లేదో ఆలోచించి నాకు ఫోన్ చెయ్యి. చిగుళ్ల మీద నల్లటి మచ్చలు కనిపిస్తే భయపడకు. మన ఒంటి రంగుకు కారణమైన మెలనినే అక్కడా ఉంటుంది. అది జబ్బు కాదు.

చిగురు అంచు పంటికి అతుక్కోదు, చొక్కా కాలర్‌లా చుట్టుకుని ఉంటుంది. ఆ సందే సల్కస్. ఆరోగ్యంగా ఉన్న నోట్లో ప్రోబ్ (లోతు కొలిచే సన్నటి పరికరం) 1 నుంచి 3 మిల్లీమీటర్లు దిగుతుంది, రక్తం రాదు. పాచి పేరుకుని, గారగా గట్టిపడి, చిగురు పట్టు వదిలేస్తే ఆ సందు లోతెక్కుతుంది. అప్పుడు దాన్ని పాకెట్ అంటాం. ఈ 1, 3 అంకెలు నీ వేళ్లకు అలవాటైతే, రేపు పెరియోలో (చిగుళ్ల వైద్యంలో) సగం పని అయిపోయినట్టే.

ఇంకో సంగతి. అన్నంలో ఇసుక రేణువంత రాయి పడినా పంటి కింద ఠక్కున తెలిసిపోతుంది కదా! పంటి వేరుకూ ఎముకకూ మధ్య దాదాపు 0.2 మిల్లీమీటర్ల మందంతో లిగమెంట్ ఉంటుంది. పంటిని ఎముకకు వేలాడదీసే ఆ నారల మధ్య ఉన్న నరాల కొసలే ఆ కబురు చెబుతాయి. మెస్‌లో అన్నం తినేటప్పుడు ఇది గుర్తు చేసుకో, మళ్లీ మర్చిపోవు.

ఇక పళ్లు. శాశ్వత దంతాలు 32, పాల పళ్లు 20 అని చిన్న పిల్లలకూ తెలుసు. నువ్వు పట్టుకోవాల్సింది, పాల పళ్లలో ప్రీమోలార్లు (కోర పంటికీ పెద్ద దవడ పళ్లకూ మధ్య ఉండేవి) ఉండవన్న సంగతి. పాల దవడ పళ్లు ఊడిన చోట ప్రీమోలార్లు వస్తాయి. మొదటి శాశ్వత దవడ పన్ను ఏ పన్నూ ఊడకుండానే, దాదాపు ఆరేళ్లకు, పాల పళ్ల వెనకాల మొలుస్తుంది. అందుకే తల్లులు పోల్చుకోలేరు. "పాల పన్నే కదమ్మా, పుచ్చిపోతే తీసేయండి" అంటూ బిడ్డను తెచ్చిన తల్లులు నా దగ్గరికి లెక్కలేనంత మంది వచ్చారు. చాలాసార్లు అది 36 లేదా 46, అంటే కింది వరసలోని మొదటి శాశ్వత దవడ పన్ను అయ్యుండేది, జన్మంతా ఉండాల్సిన పన్ను. నువ్వు అంకెలు కంఠస్థం చేస్తున్నది ఆ బిడ్డ కోసమే అనుకో.

చెక్కడం గురించి. నువ్వు ముందే కస్పులు (నమిలే మొనలు) మొదలుపెడుతున్నావని నా అనుమానం. అలా చేయకు. ముందు పక్క నుంచి చూసి రూపురేఖ తియ్యి, తర్వాత పైనుంచి చూడు. పై మొదటి మోలార్ (దవడ పన్ను) పైనుంచి చూస్తే ఏటవాలు చతురస్రంలా, బుగ్గ నుంచి అంగిలి వైపుకు వెడల్పుగా ఉంటుంది. కింది మొదటి మోలార్ ముందు నుంచి వెనక్కి పొడుగ్గా ఉంటుంది. ఈ తేడా కుదిరాకే పైదానికి నాలుగు కస్పులూ వాటి మధ్య ఏటవాలు గట్టూ, కిందిదానికి అయిదు కస్పులూ దించు. వేర్లు పైదానికి మూడు, కిందిదానికి రెండు.

పంటి పొరల్లో అన్నిటికన్నా పైనుండే ఎనామెల్ మీద మనసు పెట్టు. నమిలే మొనల దగ్గర సుమారు రెండున్నర మిల్లీమీటర్లు ఉండే ఈ పొర మెడ దగ్గరికి వచ్చేసరికి కత్తి అంచులా సన్నబడుతుంది. బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. దాన్ని కట్టిన కణాలు పన్ను బయటికి వచ్చేటప్పటికే పోతాయి, అందుకే అరిగినా విరిగినా మళ్లీ పెరగదు. నల్గొండ ఫ్లోరైడ్ నీళ్లు పిల్లల పళ్ల మీద మచ్చలు వేస్తాయి. పెద్దయ్యాక అక్కడికి వెళ్లి స్థిరపడినవాళ్ల పళ్లకు ఆ మచ్చలు రావు. కారణం కూడా ఇదే, కట్టడం ఎప్పుడో అయిపోయింది. ఎనామెల్ కింది పొర డెంటిన్‌లో సన్నటి గొట్టాలుంటాయి. చల్లనీళ్లు తాగగానే జివ్వుమనేది వాటిలోని ద్రవం కదలడం వల్లే. పిప్పి పన్నుకు పైన చిన్న రంధ్రం, లోపల పెద్ద గుల్ల ఎందుకుంటుందో ఈ రెండు పొరల గట్టితనం పోల్చుకుంటే నీకే తెలుస్తుంది.

నేను చేసిన ఒక తప్పు చెబుతాను. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు కింది దవడ పన్ను తీయడానికి ఒక ముసలి రైతుకు మత్తు ఇచ్చాను. పట్టలేదు. రెండోసారి పొడిచాను, మూడోసారీ పొడిచాను. ఆయన ఒక్క మాట అనలేదు, కళ్ల వెంట నీళ్లు మాత్రం కారాయి. నరం దవడ ఎముక లోపలి వైపు ఏ రంధ్రంలోంచి దూరుతుందో పరీక్షలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాను, బతికున్న నోట్లో మాత్రం ఎన్నడూ తడిమి చూడలేదు. ఆ సాయంత్రం దవడ ఎముక చేతిలో పట్టుకుని కూర్చున్నాను. బొటనవేలు నా నోట్లోనే పెట్టి, వెనకాల పైకి లేచే ఎముక ముందంచున లోతైన వంపు ఎక్కడుందో వెతికాను. నోరు బాగా తెరిస్తే చివరి పంటి వెనక నుంచి అంగిలి వైపు సాగే మడతను అద్దంలో చూశాను. నువ్వు మొదటి ఏడాదిలోనే ఈ పని చెయ్యి, నాన్నా.

పళ్ల దగ్గరే ఆగిపోకు. నాలుక వెనక వి ఆకారంలో ఎనిమిది నుంచి పన్నెండు పెద్ద బుడిపెలుంటాయి. అద్దంలో చూసుకుని క్యాన్సర్ అనుకుని, నిద్రమాని పరుగెత్తుకొచ్చినవాళ్లను చూశాను. అసలు భయపడాల్సినవాళ్లు మాత్రం రారు. మా వైపు పల్లెల్లో ఆడవాళ్లు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు ఉంది. ఆ వేడి నేరుగా అంగిలికి తగులుతుంది. అది తెల్లబారుతుంది, చిన్న లాలాజల గ్రంథుల నోళ్లు ఎర్ర చుక్కల్లా తేలతాయి, కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. నొప్పి ఉండదు కాబట్టి వాళ్లు చెప్పరు. పంటి నొప్పికి వచ్చినప్పుడు నువ్వే చూడాలి. గుట్కా నమిలేవాళ్లకు బుగ్గ లోపల, కింది చిగురుకూ బుగ్గకూ మధ్య మడతలో చూడాలి. మామూలు అంగిలి, మామూలు బుగ్గ ఎలా ఉంటాయో వంద నోళ్లలో చూస్తేనే తేడా వచ్చినప్పుడు నీ కన్ను ఆగుతుంది. హాస్టల్‌లో స్నేహితుల నోళ్లు చూడు, వాళ్లకు నీ నోరు చూపించు. గ్లోవ్స్ మర్చిపోకు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు రెండు మైనం దిమ్మలు, చెక్కే కార్వర్ తెచ్చుకో. నా దగ్గర శుభ్రం చేసి ఆటోక్లేవ్ చేసిన (ఆవిరితో క్రిములు చంపిన) పళ్ల డబ్బా ఉంది, వాటిని ముందు పెట్టుకుని చెక్కుదాం. మీ నాన్నమ్మ కట్టుడు పళ్లు తీసి చూపిస్తానంది. పళ్లు పోయిన చోట ఎముక ఎంతగా కరిగిపోయిందో వేలితో తడిమి చూద్దువుగాని. నేను అడిగాను, సరేనంది.

ఆశీస్సులతో,
మీ అత్త