టంగ్‌స్టేట్‌లో ‘స్టేట్’ ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడ ప్లస్ టూ చదువుతోంది. ‘సోడియం టంగ్‌స్టేట్’ అంటే ‘టంగ్‌స్టన్ ఉన్న స్టేట్, అనగా స్థితి’ అని ట్యూషన్ మాస్టారు చెప్పారట. ఒక పాత పుస్తకంలో అదే పదార్థాన్ని ‘వుల్ఫ్రమేట్’ అన్నారు. ఏది సరి? ఇంట్లో తెలుగు మాట్లాడుకునేవాళ్లం, తెలుగులో దీన్ని ఏమనాలి?
– ఒక తల్లి, రాయగడ (ఒడిశా)

సమాధానం: అమ్మా, మాస్టారు మాటను విరవకూడని చోట విరిచారు. అది ‘టంగ్ + స్టేట్’ కాదు, ‘టంగ్‌స్ట్ + ఏట్’. స్వీడిష్ భాషలో టుంగ్ అంటే బరువైనది, స్టేన్ అంటే రాయి. ఆ ‘స్ట’ రాయిలోది. (మీ రాయగడలో ఉన్న ‘రాయ’కు మాత్రం రాయితో పని లేదు, అది రాజు.) చివరి ‘ఏట్’ ఆక్సిజన్ ఉన్న ఆమ్లం నుంచి పుట్టిన లవణానికి తగిలించే ప్రత్యయం. 1787లో ఫ్రాన్సులో రసాయన శాస్త్రవేత్త లవోజియే బృందం సల్ఫేట్, నైట్రేట్ వంటి పేర్లకు దాన్ని ఖాయం చేసింది. కాబట్టి టంగ్‌స్టేట్ అంటే టంగ్‌స్టిక్ ఆమ్లపు లవణం. సోడియం టంగ్‌స్టేట్‌లో సోడియం పరమాణువులు రెండు, టంగ్‌స్టన్‌ది ఒకటి, ఆక్సిజన్‌వి నాలుగు. మెటా, పారా అని ముందు చేరితే టంగ్‌స్టన్, ఆక్సిజన్‌లు గుత్తులు కట్టిన రకాలు. వాటి జోలికి ఇప్పుడు వద్దు.

వుల్ఫ్రమేట్ కూడా ఇదే. టంగ్‌స్టన్ లోహం గుర్తు ‘డబ్ల్యు’ అయింది దాని మరో పేరైన వుల్ఫ్రమ్ వల్లనే. జర్మన్లు నేటికీ వుల్ఫ్రమ్ అనే అంటారు. చిత్రమేమిటంటే, టంగ్‌స్టన్ అనే మాటను లోకానికిచ్చిన స్వీడన్‌వాళ్లు కూడా ఇప్పుడు తమ భాషలో వోల్‌ఫ్రమ్ అంటున్నారు!

ఈ వుల్ఫ్ తోడేలే. తగరం కరిగించేటప్పుడు వుల్ఫ్రమ్ ఉన్న ఖనిజం కలిసిందంటే తగరం దిగుబడి పడిపోయేది. తోడేలు గొర్రెను మింగినట్టు ఇది తగరాన్ని మింగుతోందని జర్మనీ గనివాళ్లు తిట్టుకున్నారు. 16వ శతాబ్దంలో జర్మనీ ఖనిజ శాస్త్రవేత్త అగ్రికోలా లాటిన్‌లో దీన్ని ‘తోడేలు నురుగు’ అన్నాడు. వుల్ఫ్ తర్వాతి ‘రమ్’ మీగడా, మసా అన్నది పండితులు ఇంకా తేల్చుకోలేదు.

ఆ తోడేలు మనకు కొత్తది కాదు. జర్మన్ వుల్ఫ్, లాటిన్ లూపుస్, సంస్కృత వృకం ఒక్క మూలం నుంచి వచ్చినవే. భీముడు వృకోదరుడు, తోడేలు కడుపువాడు. కాదు, వృకమనే అగ్ని కడుపులో ఉన్నవాడని కొందరు వ్యాఖ్యాతలు. నాకు రెండోదే ఇష్టం, కొలిమికి దగ్గరగా ఉంది కనుక. నన్నయగారి ఆదిపర్వంలో ఏకచక్రపురం కథ మరోసారి తీసి చదవండి. తెచ్చిన భిక్షలో సగం భీముడికి, మిగతా సగం తల్లికీ నలుగురు అన్నదమ్ములకూ. ఆ తర్వాత బకాసురుడికని పంపిన బండెడు అన్నాన్ని దారిలోనే మొదలుపెట్టాడు. బకుడొచ్చి వీపు మీద రెండు చేతులా గుద్దుతున్నా ముద్ద ఆపలేదు. ఒకరికని పెట్టింది మరొకరు మింగడమంటే అదీ! వుల్ఫ్రమ్‌కు మనవాళ్లు పేరు పెట్టి ఉంటే ‘వృకోదరం’ అని ఉండేవారేమో. ఇప్పటి పిల్లలకు వృకోదరుడంటే ఎవరని అడిగితే ఫోన్ తీస్తున్నారు.

ఇంకో చిక్కు. వుల్ఫ్రమేట్ వేరు, వుల్ఫ్రమైట్ వేరు. సల్ఫేట్, సల్ఫైట్‌ల లెక్కన ‘ఐట్’ ఉంది కాబట్టి ఆక్సిజన్ తక్కువనుకుంటే పొరపాటు. ఈ ‘ఐట్’ ఖనిజాల పేర్లకు చేరేది. వుల్ఫ్రమైట్ ఇనుము, మాంగనీసుల టంగ్‌స్టేటే. షీలైట్ అనే మరో ఖనిజం కాల్షియం టంగ్‌స్టేట్. మొదట ‘బరువు రాయి’ అన్నది ఈ షీలైట్‌నే. 1781లో అందులోంచి ఆమ్లం తీసిన రసాయన శాస్త్రవేత్త షీలే పేరు దానికి తర్వాత వచ్చింది. లోహాన్ని 1783లో స్పెయిన్‌లో ఎల్‌హుయార్ సోదరులు తీసింది మాత్రం వుల్ఫ్రమైట్ నుంచి. మన తూర్పు గోదావరి బూరుగుబండలో దొరికింది కూడా వుల్ఫ్రమైటే. పత్రికల్లో వుల్ఫ్రమేట్, వుల్ఫ్రమైట్ రెండింటినీ ఇష్టం వచ్చినట్టు మార్చి రాస్తున్నారు. ‘తుంగస్టన్’ అని రాసేవారు కూడా ఉన్నారు, తుంగకూ దీనికీ ఏం చుట్టరికమో!

ఇక తెలుగు మాట. సల్ఫేట్‌ను గంధకితం, నైట్రేట్‌ను నత్రితం అన్న పద్ధతి ఉంది. ఆ లెక్కన ‘టంగ్‌స్టితం’ అనవచ్చు. వ్యాకరణం ఒప్పుతుంది, నోరు ఒప్పుతుందా అన్నదే అనుమానం. మీ పక్క పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగువారు వ్యవహారంలో ఉన్న మాటకే ఓటు వేసేవారు. నేనూ ప్రస్తుతానికి టంగ్‌స్టేట్ వైపే. వుల్ఫ్రమేట్ తప్పు కాదు, కానీ ఇంగ్లీషు పుస్తకాల్లో వాడుక తగ్గింది. మీ అమ్మాయి పరీక్షలో టంగ్‌స్టేట్ అనే రాయాలి. టంగ్‌స్టితం రాస్తే ఆ మార్కులకు నేను పూచీ పడలేను.