ప్రపోజల్‌కు ముందు చేయవలసిన పని

చిరంజీవి అమ్మలుకు, మీ బాబాయి ఆశీస్సులు.

ఓపెన్ సోర్స్ సంస్థలకు, అంటే తమ కోడ్‌ను అందరికీ తెరిచిపెట్టే సంస్థలకు, కొత్తవారు కొన్ని వారాలు కోడ్ రాసిపెట్టే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కు దరఖాస్తు పెట్టాలనుకుంటున్నానని, ప్రపోజల్, అంటే చేయబోయే పని ప్రణాళిక, ఎలా రాయాలో చెప్పమని అడిగావు. ప్రపోజల్ సంగతి తప్పకుండా చెబుతాను గాని, ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం దానికి ముందు జరగవలసిన పని గురించే ఉంటుంది. నేను మొదటిసారి దరఖాస్తు పెట్టి ఎంపిక కాలేకపోయాను, మరుసటి ఏడాది ఎంపికయ్యాను, ఆ తర్వాత కొన్నేళ్లు మెంటర్‌గా, అంటే సంస్థ తరఫున కొత్తవారికి దారి చూపేవాడిగా ఉండి ఇతరుల ప్రపోజళ్లు చదివాను. చదివే వంతు నాదయ్యాకే తెలిసింది, రాసినవారి పని అంతకుముందే కొంత చూసి ఉన్న మెంటర్ ఆ ప్రపోజల్‌ను ఎంత నమ్మకంతో తెరుస్తాడో.

ఈ కార్యక్రమం 2005లో మొదలైంది. చాలాకాలం విద్యార్థులకే పరిమితమై ఉండి, 2022 నుంచి 18 ఏళ్లు నిండి ఓపెన్ సోర్స్‌కు కొత్తవారైన ఇతరులకు కూడా తలుపులు తెరిచింది. కాబట్టి నీతో పోటీపడేవారిలో ఉద్యోగానుభవం ఉన్నవారూ ఉంటారని తెలిసి దిగు. ఎంపికైన సంస్థల జాబితా సాధారణంగా ఫిబ్రవరిలో వెలువడుతుంది, దరఖాస్తుల గడువు మార్చి, ఏప్రిల్ నెలల్లో పడుతుంది. జాబితా వచ్చాక మొదలుపెడదామనుకుంటే చేతిలో మిగిలేది కొద్ది వారాలే. గడిచిన ఏళ్లలో ఏ సంస్థలు పాల్గొన్నాయో, ఏయే ప్రాజెక్టులు ఎంపికయ్యాయో ఎవరైనా చూడవచ్చు గనుక, వాటిలో ఒకదాన్ని పట్టుకుని మూడు నాలుగు నెలల ముందే పని మొదలుపెట్టు. ఆ సంస్థ ఈసారి ఎంపిక కాకపోయినా, నేర్చుకున్న విద్య ఎక్కడికీ పోదు. ఔట్రీచీ వంటి ఇతర ఓపెన్ సోర్స్ కార్యక్రమాల్లోనైతే, దరఖాస్తు సమయంలో నిజంగా కొంత పని చేసి చూపించడం ఎంపిక పద్ధతిలోనే భాగం.

సంస్థను ఎంచుకునేటప్పుడు పేరు గొప్పతనం చూడకు. నువ్వు నిత్యం వాడే సాఫ్ట్‌వేర్ అయితే దాని లోపాలు నీకు ఇదివరకే తెలిసి ఉంటాయి, అది సగం బలం. ఆపైన ఒక్కటి పరిశీలించు: గత నెలలో బయటివారు పంపిన పుల్ రిక్వెస్టులకు, అంటే తమ మార్పులను కోడ్‌లో కలుపుకోమన్న వినతులకు, ఎన్ని రోజుల్లో జవాబు వచ్చింది? వారాల తరబడి ఎవరూ పలకని చోట నువ్వు ఎంత బాగా రాసినా చూసే నాథుడు ఉండడు. నియమాల ప్రకారం మూడు ప్రపోజళ్ల వరకు పంపవచ్చు, కాని నా మాట వింటే ఒకటి, మహా అయితే రెండు చాలు.

ఇక మొదటి ప్యాచ్, అంటే నువ్వు చేసి పంపే మొదటి మార్పు. కొత్తవారందరూ ఏదో గొప్ప ఫీచర్‌తో ప్రవేశించాలనుకుంటారు. నువ్వు ముందు ఆ సాఫ్ట్‌వేర్‌ను నీ కంప్యూటర్‌లో, వాళ్ల డాక్యుమెంటేషన్‌లో చెప్పినది చెప్పినట్టు చేస్తూ బిల్డ్ చెయ్యి, అంటే కోడ్ నుంచి నడిచే ప్రోగ్రామ్‌ను తయారుచెయ్యి. ఎక్కడో ఒకచోట తప్పక ఆగిపోతావు. ఫలానా లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడ్ కట్ట, కూడా కావాలన్న ముక్క సూచనల్లో ఉండదు, ఎందుకంటే రాసినవారి కంప్యూటర్‌లో అది ఎప్పటినుంచో ఉంది. ఆ లోపం పాతవారి కంటికి ఆనదు, కొత్తగా వచ్చిన నీకే కనబడుతుంది. ఆ ఒక్క వాక్యం చేర్చి పంపితే, చిన్నదే అయినా అది నిజమైన సాయం. నా మొదటి ప్యాచ్ సరిగ్గా ఇలాంటిదే, ఒకే ఒక్క వరుస. దానికి రివ్యూలో మూడు వ్యాఖ్యలు వచ్చాయి: కమిట్ సందేశంలో, అంటే మార్పుతో పాటు రాసే వివరణలో, ఏం మార్చావో చెప్పావు గాని ఎందుకు మార్చావో చెప్పలేదని ఒకటి, ఆ లైబ్రరీ అన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌లలోనూ అవసరమేనా అని ఒకటి, వరుస చివర అనవసరమైన ఖాళీ ఉందని మరొకటి. ఒక్క వరుసకు ఇంత రాద్ధాంతమా అని ఆ పూట చిరాకుపడ్డాను. మెంటర్‌నయ్యాక నేనూ అవే అడిగాను, ఆ జవాబులను బట్టే మనిషి పనితీరు అంచనా వేశాను. అడిగినదానికి రెండు రోజుల్లో సవరించి పంపినవారు గుర్తుండిపోయేవారు. ‘నాకు కేటాయించండి’ అని పది బగ్‌ల కింద రాసి ఒక్కదానికీ తిరిగి రానివారూ గుర్తుండేవారు, అది వేరే రకంగా.

ప్రశ్న అడగడం కూడా ఒక విద్యే. ‘సార్, బిల్డ్ అవడం లేదు, సాయం చేయండి’ అని మెంటర్‌కు విడిగా సందేశం పెడితే ఆయన ఎదురు ప్రశ్నలు వేయడానికే ఒక పూట పోతుంది. అదే ప్రశ్నను అందరూ ఉండే చర్చావేదికలో, ఏ వెర్షన్ వాడుతున్నావో, ఏ ఆదేశం ఇచ్చావో, ఏ ఎర్రర్ వచ్చిందో పూర్తిగా అతికించి, ఇప్పటికే ఏమేమి ప్రయత్నించి చూశావో చెప్పి అడిగితే, తెలిసినవారు ఎవరైనా జవాబివ్వగలరు. జవాబు నువ్వే కనుక్కుంటే, అదీ అక్కడే రాయి.

ప్రపోజల్ విషయానికి వస్తే, నాది మొదటిసారి ఎందుకు పోయిందో చెబుతాను. మొదటి మూడు వారాలు కోడ్ అర్థం చేసుకోవడం, తర్వాత ఏడు వారాలు కోడింగ్, ఒక వారం టెస్టింగ్, చివరి వారం డాక్యుమెంటేషన్ అని రాశాను. ఆ ప్రణాళికలో ప్రాజెక్టు పేరు తీసేసి ఇంకొకటి పెట్టినా ఒక్క అక్షరం మార్చనక్కరలేదు, అదే దాని లోపం. రెండోసారి ఏ ఫైల్‌లోని ఏ ఫంక్షన్‌ను మార్చాలో, దానివల్ల ఇప్పుడున్న ఏ టెస్టులు విఫలం కావచ్చో, నాకు అంతుపట్టని చోటు ఏదో కూడా రాశాను. తెలియనిదాన్ని తెలియదని రాస్తే మార్కులు తగ్గుతాయని భయపడ్డాను గాని, మెంటర్ ముందుగా జవాబిచ్చింది ఆ భాగానికే. టెస్టులను, డాక్యుమెంటేషన్‌ను చివరికి నెట్టకుండా ప్రతి భాగంతో పాటే చూపించు.

గంటల లెక్క నిజాయితీగా వెయ్యి. ప్రాజెక్టులు సుమారు 90, 175, 350 గంటల పరిమాణాల్లో ఉంటాయి. 350 గంటలను 12 వారాలకు పంచితే వారానికి దాదాపు 29 గంటలు. నడుమ నీ పరీక్షలు పడితే ఆ వారాలను ఖాళీగా చూపించి, ఆ పనిని ఎక్కడ పూడుస్తావో రాయి. దాచిపెడితే నడిమి మూల్యాంకనం నాటికి ఎలాగూ బయటపడుతుంది. చిత్తుప్రతిని గడువుకు కనీసం రెండు వారాల ముందు మెంటర్‌కు చూపించు. నీ సొంత ఆలోచనను ప్రతిపాదిస్తున్నట్టయితే ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే దాన్ని నడిపించడానికి మెంటర్ ఒప్పుకోకపోతే అది ఎంత మంచిదైనా ముందుకు సాగదు.

ఏఐతో ప్రపోజల్ రాయించుకోవచ్చా అని కూడా అడిగావు. భాష సరిచేయించుకోవడానికి సంస్థ నియమాలు ఒప్పుకుంటే సరే, ఆలోచన మాత్రం నీదై ఉండాలి. ‘ఇక్కడ ఈ పద్ధతే ఎందుకు?’ అని మెంటర్ ఒక్క ప్రశ్న వేస్తే, రాయనివారికి జవాబు తోచదు.

గడువు యూటీసీ కాలమానంలో ప్రకటిస్తారు, దాటితే మినహాయింపు ఉండదు. ఒకరోజు ముందే అప్‌లోడ్ చెయ్యి, గడువు లోపల మళ్లీ మార్చుకోవచ్చు. ఒక్కో సంస్థకు దక్కే స్థానాలు పరిమితం కాబట్టి మంచి ప్రపోజళ్లు కూడా కొన్ని మిగిలిపోతాయి, మెంటర్‌గా నేనే అలాంటివి వదులుకోవలసి వచ్చింది. నీది అలా మిగిలిపోతే, ఆ వారంలోనే కారణం మర్యాదగా అడిగి, సగంలో ఉన్న ప్యాచ్‌ను పూర్తిచెయ్యి. ఫలితాలు వచ్చాక కూడా పని ఆపని ఆ కొద్దిమందిని ఏ మెంటరూ మరచిపోడు.

ఈ వారాంతంలో బిల్డ్ చేయడానికి కూర్చో. ఎక్కడ ఆగిపోయావో కాగితం మీద రాసుకుంటూ ఉండు. ఆ కాగితాన్ని నాకు పంపు, కాని ప్రశ్నలను మాత్రం ఆ ప్రాజెక్టు వాళ్లనే అడుగు.

ఆశీస్సులతో,
మీ బాబాయి