గంజాయిని చట్టబద్ధం చేయాలా, శిక్షలు ఇంకా పెంచాలా?

విశాఖపట్నంలో లాయర్‌గా నా దగ్గరకి ఎక్కువగా వచ్చేవి గంజాయి కేసులే కాబట్టి నా మాట సూటిగా చెప్పేస్తాను. అమ్మకానికి లైసెన్సులు ఇవ్వమని నేననను. కానీ తాగి పట్టుబడ్డవాణ్ని నేరస్థుడిగా చూడడం ఆపేయాలి. ఈ రెండూ వేర్వేరు సంగతులు. ఈ చర్చ వచ్చినప్పుడల్లా రెండింటినీ కలిపేస్తుంటారు.

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మాదకద్రవ్యాల చట్టం ప్రకారం కిలో లోపు గంజాయి దొరికితే ఏడాది దాకా జైలు. 20 కిలోలు దాటితే దాన్ని వాణిజ్య పరిమాణం అంటారు. కనీసం పదేళ్ల శిక్ష, లక్ష రూపాయల జరిమానా. బెయిల్‌కి సెక్షన్ 37 అడ్డొస్తుంది. నిందితుడు నేరం చేసి ఉండడని జడ్జికి గట్టిగా అనిపించాలి, అప్పుడే బెయిల్.

ఆ 20 కిలోల గీత దగ్గర ఏం జరుగుతుందో చెప్తాను. సరుకు సాధారణంగా బ్రౌన్ టేపు చుట్టిన రెండేసి కిలోల ప్యాకెట్లలో వస్తుంది. చింతపల్లి వైపు గిరిజన కుర్రాడి సంచిలో అలాంటివి పదకొండు దొరికాయి. విప్పితే పూత, ఆకు, కాడ, గింజ అన్నీ కలిసే ఉన్నాయి. అన్నీ కలిపే తూచి 22 కిలోలని పంచనామాలో రాశారు. చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. మిగతాది వేరుచేసి తూయాలని మేం వాదిస్తాం. ఒక్కోసారి కోర్టు ఒప్పుకుంటుంది, ఈ కుర్రాడి విషయంలో ఒప్పుకోలేదు. సంచి బస్టాండు దాకా మోస్తే రెండు వేలు ఇస్తామన్నారట. ఇచ్చినవాడి పేరు కూడా వీడికి తెలీదు. ఛార్జిషీటులో ఆ మనిషి 'పరారీలో ఉన్న నిందితుడు'. వాళ్లమ్మ వాయిదాకల్లా కొండ దిగొచ్చి, వరండాలో గోడకి ఆనుకుని కూర్చునేది. లోపల ఏం మాట్లాడుకుంటున్నారో ఆమెకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

శిక్షలు పెంచితే పడేది ఇలాంటివాళ్ల మీదే. 2021లో పోలీసులు 'పరివర్తన' పేరుతో ఏజెన్సీలో గంజాయి తోటలు నరికించారు, మంచిదే. కానీ ఇప్పుడు సరుకు ఎక్కువగా ఒడిశా నుంచి వస్తోందని పోలీసులే చెప్తున్నారు.

మరి అమ్మకం ఎందుకు వద్దంటున్నానంటే, మద్యం సంగతి మనం చూశాం కదా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1995లో మద్యనిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు, ఖజానా తట్టుకోలేకపోయింది. ఒకసారి ప్రభుత్వానికి ఆ ఆదాయం అలవాటైతే వదిలించుకోవడం ఎవరి వల్లా కాదు.

పోర్చుగల్ 2001లో చేసింది నాకు నచ్చుతుంది. పది రోజుల వాడకానికి మించకుండా దగ్గరుంటే అక్కడ క్రిమినల్ కేసు ఉండదు. న్యాయ, ఆరోగ్య, సామాజిక సేవా రంగాలవాళ్లున్న కమిటీ ముందుకి పంపిస్తారు. అమ్మితే మాత్రం నేరమే. దాంతోపాటు చికిత్స మీద బాగా ఖర్చు పెట్టారు. అమెరికాలో ఓరెగాన్ 2020లో ఓటు వేసి ఇదే దారి పట్టింది, కానీ చికిత్స ఏర్పాట్లు వెనకబడ్డాయి. వీధుల్లోనే వాడుతున్నారని జనం విసిగిపోయారు, 2024లో దాన్ని మళ్లీ నేరంగా మార్చారు. కాబట్టి ముందు ఆసుపత్రులు, డీ-అడిక్షన్ సెంటర్లు. ప్రతి జిల్లాలో మంచం దొరికే పరిస్థితి రాకముందే చట్టం మారిస్తే మనకీ అదే గతి.

నా దగ్గరకి వచ్చే ఇంజనీరింగ్ పిల్లల తల్లిదండ్రులు మొదట అడిగేది పిల్లాడి ఆరోగ్యం గురించి కాదు. "సార్, పాస్‌పోర్ట్‌కి ఇబ్బందా?" అని. ఆ టెన్షన్ తప్పు పట్టలేను. కేసు భయంతోనే ఇళ్లలో దాస్తున్నారు, దాచిన కొద్దీ అలవాటు ముదురుతోంది.

చట్టం మారేదాకా ఆగక్కర్లేదు, ఉన్న చట్టంలోనే సెక్షన్ 64ఎ ఉంది. వాడినందుకో, తక్కువ పరిమాణం దగ్గరున్నందుకో కేసు పడ్డవాడు ఆ అలవాటుకి బానిసై ఉండి, తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకి చేరితే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇవ్వొచ్చు. ఇది చాలామందికి తెలీదు. మీ ఇంట్లో అలాంటి పరిస్థితి ఉంటే 14446కి ఫోన్ చేయండి, అది టోల్‌ఫ్రీ. చేర్పించాక అడ్మిషన్ కాగితాలు మీ లాయర్‌కి ఇవ్వండి. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు, పూర్తయ్యేదాకా ఉంచండి.