కల్చర్‌లో (సూక్ష్మజీవుల్ని పెంచి చూసే పరీక్షలో) సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా అని వచ్చింది, మందులు పనిచేయట్లేదు. ల్యాబ్ రిపోర్టు తప్పయ్యే అవకాశం ఉందా?

ఉంది. మీ మామయ్యగారికి షుగర్, వరి పొలంలో పని, వానలప్పుడు మొదలైన జ్వరం, ప్లీహంలో చీముగడ్డ అని రాశారు. ఇవన్నీ కలిస్తే ముందు అనుమానించాల్సింది మెలియాయిడోసిస్‌ని. అదేనని ఇక్కడ కూర్చుని తేల్చలేను గానీ, డాక్టరుగారిని ఆ పేరు పెట్టి అడగండి. బర్ఖోల్డేరియా సూడోమల్లై అనే బ్యాక్టీరియా తెచ్చే జబ్బిది. మట్టిలో, బురదనీళ్లలో ఉంటుంది. కొత్తదేం కాదు, బర్మాలోని రంగూన్ కేసుల గురించి విట్‌మోర్, కృష్ణస్వామి అనే డాక్టర్లు 1912లోనే రాశారు.

నేను మైక్రోబయాలజీ ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఇదివరకు పనిచేసిన చోటికి ఇలాంటి రైతే ఒకాయన వచ్చారు. టీబీ మందులు వాడుతున్నా జ్వరం తగ్గట్లేదు. బయటి ల్యాబ్ రిపోర్టులో 'సూడోమోనాస్ జాతి' అని ఉంది. మేం చీము కల్చర్ పెడితే మొదట వచ్చినవి మామూలు నున్నటి కాలనీలే (బ్యాక్టీరియా గుంపులే). మా మేడమ్‌కి అనుమానం వచ్చింది సెన్సిటివిటీ ప్లేటు (ఏ మందుకి లొంగుతుందో చూసే ప్లేటు, దానిమీద మందు బిళ్లలు అంటే డిస్కులు పెడతాం) చూశాక. జెంటామైసిన్, కోలిస్టిన్ డిస్కుల అంచుదాకా బ్యాక్టీరియా పెరిగింది, అమాక్సిక్లావ్ డిస్కు చుట్టూ మాత్రం ఖాళీ. మామూలు సూడోమోనాస్ అయితే అమాక్సిక్లావ్‌కి అసలు లొంగదు, కోలిస్టిన్‌కి లొంగుతుంది. స్లైడు మీద కణాలు రెండు కొసల్లోనే రంగు పట్టి పిన్నీసుల్లా కనిపించాయి. ప్లేటు పారేయొద్దన్నారు మేడమ్. కొన్ని రోజులకి ఆ నున్నటి కాలనీలే ఎండి ముడతలు పడ్డాయి. తర్వాత పెద్ద ల్యాబుకి పంపితే పీసీఆర్ అనే జన్యు పరీక్షలో మెలియాయిడోసిస్ బ్యాక్టీరియానే అని ఖాయమైంది.

మెషిన్ ఇచ్చిన పేరు కాబట్టి తిరుగులేదనుకోకండి. ఆటోమేటిక్ మెషిన్లు కూడా దీన్ని ఒక్కోసారి బర్ఖోల్డేరియా సెపేసియా అనే దగ్గరి జాతిగా చూపిస్తాయి. కొన్నిచోట్ల బయటినుంచి కలిసిన చెత్త అనుకుని పక్కన పెట్టేస్తారు.

మీ రిపోర్టులో జెంటామైసిన్, కోలిస్టిన్, అమాక్సిక్లావ్ ఫలితాలు చూడండి. చీముతో పాటు రక్తం, మూత్రం, గొంతు స్వాబ్ కూడా మళ్లీ కల్చర్‌కి పంపమనండి, ఒకసారి రాలేదంటే లేదని కాదు. ఏ జబ్బు అనుమానమో ఫారం మీద రాయించండి, ల్యాబ్ వాళ్లు జాగ్రత్తపడతారు. ప్లేటు మూత తీసి వాసన చూసే అలవాటు మా వాళ్లలో ఇంకా పోలేదు, దీనితో అది ప్రమాదం.

ఇదే అని తేలితే సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెమ్ ఇంజెక్షన్లు కనీసం రెండు వారాలు ఇస్తారు, చీముగడ్డ ఉంటే ఇంకా ఎక్కువ. ఆపైన కోట్రైమాక్సజోల్ మాత్రలు కనీసం 3 నెలలు. జ్వరం తగ్గిందని మాత్రలు మధ్యలో ఆపనివ్వకండి, తిరగబెడుతుంది.