బిగించగలిగినంతే విప్పు

అమ్మలూ,

ఫొటోలు చేరాయి. ఎర్ర రంగు, రెండే సీట్లు, నిద్రలేచి చూస్తున్నట్టు పైకి లేచిన హెడ్‌లైట్లు. 1991 నాటి మాజ్డా ఎమ్ఎక్స్-5 మన ఇంట్లోకి వస్తుందని, అదీ నీ చేతుల మీదుగా వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. చాలా సంతోషం. కానీ చివర్లో ఒక మాట రాశావు చూడు, "మొత్తం విప్పేసి కొత్తదానిలా చేస్తా మామయ్యా" అని. ఆ "మొత్తం" దగ్గర నా గుండె గుభేలుమంది. అందుకే ఈ ఉత్తరం.

నీ వయసులో నేనూ మొత్తం విప్పాను. అదీ ఇలాంటి పాత రెండు సీట్ల బండే. నాలుగు వారాంతాల్లో ఇంజన్ నుంచి డోర్ హ్యాండిల్ దాకా ఊడదీశాను. విప్పడంలో ఉన్న హాయి అంతా ఇంతా కాదు, ప్రతి అరగంటకీ ఏదో ఒకటి చేతిలోకి వస్తుంది, పని జరిగిపోతున్నట్టే ఉంటుంది. బోల్టులన్నీ డబ్బాల్లో పోసి, "ఎక్కడివో గుర్తుండవా ఏంటి" అనుకున్నాను. ఆరు నెలల తర్వాత ఒక డబ్బా తెరిస్తే ముప్పై బోల్టులూ కవల పిల్లల్లా ఉన్నాయి. నాలుగేళ్లు ఆ బండి షెడ్డులో చెక్కదిమ్మల మీద కూర్చుంది. చివరికి అట్టపెట్టెలతో సహా అమ్మేశాను. కొన్నాయన దాన్ని నడుపుకుంటూ పోలేదు, మోసుకుపోయాడు.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. ఆదివారం సాయంత్రానికి మళ్లీ బిగించగలిగినంతే శనివారం పొద్దున విప్పు. ఒకసారికి ఒకే పని. ఆ పని అయ్యాక బండి బయటికి తీసి ఒక చుట్టు తిరిగి రా. ఏదైనా తేడా వస్తే చివరగా ఎక్కడ చెయ్యి పెట్టావో నీకు తెలుస్తుంది. నాలుగు పనులు కలిపి చేస్తే ఆ కొత్త చప్పుడు ఏ పనిదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

మొదటి రెండు వారాలు పానా ముట్టుకోకు. ఒక నోట్‌బుక్ పెట్టుకో. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయ్యే తీరు, వేడెక్కాక ఐడిల్ (నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ తిరిగే తీరు), ఏ గేరులో గరగర, ఎటు వంపులో కిర్రు, పార్క్ చేసిన చోట నేల మీద ఏ రంగు మరక, అన్నీ రాయి. టైరు పక్క గోడ మీద డాట్ అనే అక్షరాల వెంట చివర్లో నాలుగంకెలు ఉంటాయి. 2314 అని ఉంటే 2014లో 23వ వారం తయారైనదని అర్థం. పాత బండ్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి టైరు గాట్లు నిండుగా కనిపిస్తాయి, లోపల రబ్బరు మాత్రం చచ్చిపోయి ఉంటుంది. పదేళ్లు దాటితే ఇంకేం ఆలోచించకు, మార్చెయ్. ఇంధనం పోయే రబ్బరు గొట్టాలను వంచి చూడు. పగుళ్లు కనిపిస్తే నీ మొదటి శనివారం పని అదే.

ఇక జాకు. ఇక్కడ నేను మామయ్యలా కాదు, పోలీసులా మాట్లాడతాను. జాకు ఎత్తడానికే, మోయడానికి కాదు. ఈ బండికి ముందు క్రాస్‌మెంబర్ (ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉండే ఇనప దూలం) మధ్యలో, వెనక డిఫరెన్షియల్ (వెనక చక్రాలకి శక్తి పంచే గేరు పెట్టె) కింద జాకు పెడతారు. ఎత్తాక స్టాండ్లు పెట్టి, బండిని చేత్తో గట్టిగా ఊపి, కదలకపోతేనే కిందికి దూరాలి. విప్పిన చక్రాన్ని కూడా సిల్లు (డోరు కింద పొడుగ్గా ఉండే రేకు దూలం) కింద అడ్డంగా తోసి ఉంచు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు బండి కిందికి వెళ్లకు.

తుప్పు గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ బండి ప్రాణం ఇంజన్‌లో లేదు, సిల్లుల్లో ఉంది. మడిచే పైకప్పు మీద పడ్డ వాన నీళ్లు డోర్ల వెనక ఉన్న రెండు గొట్టాల గుండా దిగి, వెనక చక్రాల ముందు కిందికి పోవాలి. ఆ గొట్టాల్లో ఆకులూ మట్టీ పేరుకుంటే నీళ్లు పోయే దారి లేక సిల్లు లోపలికి, సీట్ల వెనకకి చేరతాయి. పైన రంగు తళతళలాడుతూనే ఉంటుంది, లోపల రేకు కాగితమైపోతుంది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. వెనక చక్రానికి ముందు, సిల్లు చివర, స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ రా. గట్టి రేకు టంగుమంటుంది, కుళ్లిన రేకు మొద్దుగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట ఒక చిన్న అయస్కాంతం ఆనించు. అది పట్టుకోకపోతే కింద ఉన్నది రేకు కాదు, ఎవరో మెత్తిన పుట్టీ. కార్పెట్ ఎత్తి సీట్ల వెనక తడి కూడా చూడు. ఆ గొట్టాలను మెత్తటి ప్లాస్టిక్ తీగతో మెల్లగా శుభ్రం చెయ్యి. ఇనప తీగ వద్దు, గొట్టం చిరిగిపోతుంది.

పైపైన ఉన్న తుప్పును వైర్ బ్రష్‌తో గీకి, కన్వర్టర్ (తుప్పును గట్టి పొరగా మార్చే మందు) పూసి, ప్రైమర్ కొట్టొచ్చు. కానీ రేకు చిల్లు పడితే కన్వర్టర్, పుట్టీ రెండూ ఆత్మవంచనే. గట్టి రేకు కనిపించేదాకా కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయాల్సిందే. నా ఆదివారం నియమానికి మినహాయింపు ఇదొక్కటే, ఎందుకంటే కోతి పుండు బ్రహ్మరాక్షసి అన్నట్టు తుప్పును గీకేకొద్దీ పెద్దదవుతుంది. అందుకే రెండు వైపులా ఒకేసారి కోయకు, ఒక సిల్లు పూర్తయ్యాకే రెండోది. డోరు మూసి, డోరుకీ సిల్లుకీ మధ్య సందు ముందే కొలిచి రాసుకో. మెత్తబడ్డ సిల్లు కోస్తే బండి నడుం వంగుతుంది, తర్వాత డోరు పడదు.

వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ కనెక్షన్ తీసెయ్, కార్పెట్ తీసెయ్, మంటలార్పే సిలిండర్ చెయ్యి చాచితే అందేలా పెట్టుకో. ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు. బ్రేక్ క్లీనర్ స్ప్రేల్లో క్లోరిన్ ఉన్నవి కొన్ని ఉంటాయి. వాటితో తుడిచిన రేకు మీద వెల్డింగ్ మంట తగిలితే ఫాస్జీన్ పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషుల్ని చంపడానికి వాడిన వాయువే అది. డబ్బా మీద క్లోరిన్ లేదని రాసి ఉన్నదే కొను. నిజానికి వెల్డింగ్ నువ్వే చేయాలని పట్టుబట్టకు. కోత, శుభ్రం, కొలతలు నువ్వు చేసి, అతుకు మాత్రం చెయ్యి తిరిగిన వాడికి అప్పజెప్పినా నీ పని నీదే.

తర్వాత ఆగడం. వేగం సంగతి ఆ తర్వాత.

బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీలు ఉండాలి. తేమ చేరాక ఆ కనీసం 155కి పడిపోతుంది. కొండ దిగుతూ బ్రేకు తొక్కీ తొక్కీ వేడెక్కిస్తే లోపల ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ నేలకి దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. అందుకని పాత ఫ్లూయిడ్ మొత్తం పిండెయ్. సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ను చక్రాలకి నెట్టేది) దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెడతారు. నువ్వు చక్రం దగ్గర ఫ్లూయిడ్ బయటికి వదిలే నిపిల్ దగ్గర, మీ నాన్న పెడల్ మీద. "తొక్కు", "తొక్కా", "వదలకు", "బిగించా, ఇప్పుడు వదులు". ఈ నాలుగు మాటలూ దాటి ఇంకేం మాట్లాడుకోకండి. పైన డబ్బా ఖాళీ కానివ్వకు, గాలి దూరితే మళ్లీ మొదటికి. ఆ ఫ్లూయిడ్ రంగు మీద పడితే పెయింట్ లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడుగు. డాట్ 5 అని రాసి ఉన్న సీసా తేకు. అది సిలికాన్, డాట్ 4తో కలవదు.

ఇంజన్ గురించి నాకు పెద్ద బెంగ లేదు. 1.6 లీటర్ల ఇంజన్, మొండిది. నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ (లోపల గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటుందో) చూడు. ఎంత వచ్చిందన్నదాని కన్నా నాలుగూ ఒకదానికొకటి దగ్గరగా వచ్చాయా అన్నదే ముఖ్యం. ఒకటి తక్కువ వస్తే ప్లగ్ రంధ్రంలో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలువు. పెరిగితే లోపం పిస్టన్ రింగులది, పెరగకపోతే సాధారణంగా వాల్వులది. టైమింగ్ బెల్ట్ (వాల్వులను పిస్టన్లతో తాళంలో ఉంచే పట్టీ) లక్ష కిలోమీటర్లకి మార్చాలి. ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్చలేదనే అనుకో. అది విప్పినప్పుడే వాటర్ పంపు కూడా మార్చెయ్, మళ్లీ అంత దూరం ఎవరు వెళ్తారు?

ఒక్కటి మాత్రం జాగ్రత్తగా చూడు. తొలి 1.6 ఇంజన్లలో క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) ముక్కు పొట్టిగా ఉంటుంది. ముందున్న పుల్లీ బోల్టు సరిగ్గా బిగించకపోతే కీ (ఇరుసు మీద పుల్లీ జారకుండా పట్టే చిన్న ఇనప ముక్క) కూర్చునే గాడి అరిగి, పుల్లీ ఊగి, టైమింగ్ తప్పుతుంది. పుల్లీ మధ్యలో నాలుగు గాట్లు ఉంటే పొట్టి ముక్కు, ఎనిమిది ఉంటే తర్వాతి పొడుగు ముక్కు. నీది సరిగ్గా ఆ మార్పు జరిగిన కాలపు బండి, కాబట్టి ఏదైనా కావచ్చు.

బ్యాటరీ డిక్కీలో ఉంటుంది ఈ బండికి. అక్కడ మామూలు యాసిడ్ బ్యాటరీ పెడితే ఆవిర్లు డిక్కీ రేకును తినేస్తాయి. గాలి గొట్టం ఉన్న సీల్డ్ రకమే పెట్టు, ఆ గొట్టం బయటికి పోతుందో లేదో చూడు.

ఇప్పుడు నీకు అసలు ఇష్టమైన భాగం, మార్పులు. పదిహేడు అంగుళాల వీల్స్ బొమ్మ పంపావు. చూడ్డానికి బాగున్నాయి, కాదనను. కానీ ఈ బండి టన్ను కన్నా తక్కువ బరువు, 185/60 ఆర్14 టైర్ల మీద పుట్టింది. చక్రం బరువు పెరిగితే స్ప్రింగుకి కింద ఉన్న బరువు పెరుగుతుంది. గుంతలో పడ్డ చక్రం తిరిగి రోడ్డును అందుకోవడానికి ఆలస్యమవుతుంది, స్టీరింగ్‌లో ఆ చురుకు పోతుంది. నువ్వు ఈ బండి కొన్నదే ఆ చురుకు కోసం. పద్నాలుగో పదిహేనో అంగుళాల తేలికైన అల్లాయ్‌లు, మంచి టైర్లు పెట్టు. గాలి 26 పీఎస్‌ఐ అంటే నీ స్నేహితులు నవ్వుతారు. నవ్వనీ, కంపెనీ చెప్పిన లెక్క అదే.

బండిని నేలకి దగ్గరగా కిందికి దించడం గురించి అడిగావు. ముందు అరిగిన బుష్‌లు (చక్రాల చేతుల కీళ్లలో ఉండే రబ్బరు దిండ్లు) మార్చు, కొత్త షాక్‌లు (స్ప్రింగు ఊపును ఆపేవి) వెయ్యి, అలైన్‌మెంట్ చేయించు. సగం మందికి అక్కడే తృప్తి కలిగి, దించాలన్న కోరిక పోతుంది. రబ్బరు బుష్‌ల బోల్టులు బండి స్టాండ్ల మీద వేలాడుతున్నప్పుడు పూర్తిగా బిగించకు. నేను బిగించాను, ఆరు నెలల్లో అన్నీ చిరిగిపోయాయి, లోపం సరుకుదని దుకాణం వాడిని తిట్టాను కూడా. అలా బిగిస్తే బండి నేల మీద నిలబడగానే రబ్బరు మెలిపడుతుంది, జీవితాంతం ఆ మెలికలోనే ఉంటుంది. చక్రాల మీద బరువు పడ్డాకే చివరి బిగింపు. స్ప్రింగు నొక్కి పట్టే కంప్రెసర్‌ను మాత్రం అద్దెకి తెచ్చిన చవక రకం వాడకు, మొహం ఎదురుగా పెట్టకు.

స్టీరింగ్ మార్చాలనుకుంటే, దానిలో ఎయిర్‌బ్యాగ్ ఉంటే, అది వదులుకుంటున్నావని తెలిసి మార్చు. నీ స్థానంలో నేనైతే మార్చను. ఏ మార్పు చేసినా మీ దగ్గర రవాణా నియమాలు ఒప్పుకుంటాయో లేదో ముందే చూసుకో, బీమా వాళ్లకి చెప్పు. ఊడదీసిన అసలు భాగాలు పారేయకు. ఒక పెట్టెలో పేరు రాసి దాచు.

రంగు అన్నిటికన్నా ఆఖరు. ఇంట్లో కొట్టాలని ఉబలాటంగా ఉంటుంది. గీకడం, పుట్టీ, సాండ్ పేపర్ నువ్వు చెయ్యి. ఓపిక ఉన్నవాళ్లకే అబ్బే పని అది, నీకు ఉంది. హార్డ్‌నర్ కలిపే పెయింట్లలో మాత్రం ఐసోసయనేట్లు ఉంటాయి. ఒకసారి ఊపిరితిత్తులకి పడకపోతే జన్మంతా ఆస్తమా. బయటి నుంచి గాలి అందించే మాస్క్ కావాలి, అది మన దగ్గర లేదు. ఆ చివరి పూత పెయింట్ కొట్టే మూసిన గది (బూత్) ఉన్నవాడికి వదిలెయ్.

అన్నట్టు, పైకప్పు మడిచే ముందు వెనక ప్లాస్టిక్ అద్దం జిప్ తీయడం మర్చిపోకు. చలిగా ఉంటే అసలు మడవకు, పగులుతుంది.

ఈ వారం వేరే పనేం పెట్టుకోకు. బానెట్ ఎత్తి, టార్చ్ వేసి, ఆ పుల్లీకి గాట్లు నాలుగో ఎనిమిదో లెక్కపెట్టి రాయి. టైమింగ్ బెల్ట్‌కి ఏ శనివారం కేటాయించాలో అప్పుడు చెప్తాను.

మామయ్య