బీపీ పుస్తకం మొదలుపెట్టు, బుజ్జీ

విశాఖపట్నం

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ నీ రిపోర్టులు ఫోన్లో పంపింది. మూడుసార్లు చదివాను. సిస్టమిక్ స్క్లెరోసిస్, అంటే చర్మం, లోపలి అవయవాలు బిగుసుకుపోయే జబ్బు, అన్న మాట చూసి నువ్వు ఎంత టెన్షన్ పడుతున్నావో నాకు తెలుసు. కానీ నా చూపు ఆగింది రెండో పేజీలో అడుగున ఉన్న వరస దగ్గర: యాంటీ ఆర్ఎన్ఏ పాలిమరేజ్ త్రీ అనే యాంటీబాడీ, పాజిటివ్. ముప్పై ఏళ్ళు కిడ్నీ వార్డులో నర్సుగా చేసినదాన్ని. ఆ ఒక్క వరస కోసమే ఈ ఉత్తరం.

ఫ్రిజ్‌లోంచి పెరుగు గిన్నె తీస్తే నీ వేళ్ళు సుద్దముక్కల్లా తెల్లబడుతున్నాయి కదా. చలికి రక్తనాళాలు బిగుసుకుపోవడం అది. కిడ్నీ నాళాలు కూడా ఈ జబ్బులో బిగుసుకుంటాయి, గోడలు మందమవుతాయి. వేళ్ళు కంటికి కనిపిస్తాయి. కిడ్నీ కనిపించదు, నొప్పీ పెట్టదు.

యాంటీబాడీలు క్రిముల మీదకు పోవాలి. ఈ జబ్బులో సొంత ఒంటి మీదకే తిరుగుతాయి. నీకున్న రకం కణం లోపల ఉండే ఎంజైమును పట్టుకునేది. కిడ్నీ ముప్పు ఎవరికి ఎక్కువో ముందే చెప్పే గుర్తుగా దాన్ని చూడు. సెంట్రోమియర్ అనే ఇంకో రకం యాంటీబాడీ ఉన్నవాళ్ళకు ఆ ముప్పు చాలా తక్కువ. రక్తనాళం మీదే పనిచేసే యాంటీబాడీలు వేరే ఉన్నాయి. నాళాల గోడల మీద యాంజియోటెన్సిన్, ఎండోథెలిన్ అనే రసాయనాలు తాకే రిసెప్టర్లు ఉంటాయి. మామూలుగా ఆ రసాయనం కాలింగ్ బెల్ కొట్టి వెళ్ళిపోతుంది, నాళం కాస్త బిగిసి మళ్ళీ వదులవుతుంది. ఈ యాంటీబాడీలు బెల్ మీద పెట్టిన వేలు తీయవు. జర్మనీ పరిశోధకులు 2011లో వీటిని ఈ జబ్బువాళ్ళలో చూపించారు.

కిడ్నీ నాళం లోపలి పొర ఉల్లిపాయ పొరల్లా పేరుకుని దారి సన్నబడుతుంది. రక్తం చాలక కిడ్నీ రెనిన్ అనే పదార్థం వదులుతుంది, దానివల్ల యాంజియోటెన్సిన్ ఇంకా పెరుగుతుంది, నాళం ఇంకా బిగుస్తుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. బీపీ ఎగబాకుతుంది. దీన్నే రీనల్ క్రైసిస్ అంటారు. అందరికీ రాదు. వస్తే ఎక్కువగా మొదటి నాలుగైదేళ్ళలో, చర్మం తొందరగా బిగుస్తున్నవాళ్ళకు.

నా చేతుల మీద జరిగిన తప్పు ఒకటి చెప్పాలి. గాజువాక వైపు నుంచి ఒకావిడ తలనొప్పి అని వచ్చింది. బీపీ 138/88. చీటీ మీద నార్మల్ అని రాసి పంపేశాను. ఆవిడ సంచీలో పాత చీటీలు ఉన్నాయి, అన్నిటిలోనూ 100/60. నేను అడగలేదు, చూడలేదు. మూడో రోజు చూపు మసకబారి, ఆయాసంతో ఆటోలో తీసుకొచ్చారు. డయాలసిస్ పెట్టాల్సి వచ్చింది. ఆ సంచీ ఇప్పటికీ కళ్ళముందే ఉంటుంది.

అందుకే నీ మామూలు బీపీ ఎంతో ముందు తెలుసుకో. చేతికి కట్టే మిషన్ కొను, మణికట్టుది వద్దు. పొద్దున్నే కాఫీకి ముందు, ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, రోజూ అదే చేతికి చూసుకో. తేదీ వేసి పుస్తకంలో రాయి. పై అంకె నీ మామూలుకన్నా 30 పెరిగినా, కింది అంకె 20 పెరిగినా, లేదా 140/90 దాటినా, కాసేపాగి ఇంకోసారి చూడు. అప్పుడూ అలాగే ఉంటే ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్ళు. సోమవారం దాకా ఆగకు. పదిమందిలో ఒకరికి బీపీ పెరగకుండానే క్రైసిస్ వస్తుంది, కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష), మూత్రం పరీక్షలు డాక్టరు చెప్పిన తేదీలకు తప్పించకు.

ఎక్కడికి వెళ్ళినా స్టెరాయిడ్ రాస్తుంటే నీ జబ్బు పేరు చెప్పు. ప్రెడ్నిసొలోన్ రోజుకు 15 మిల్లీగ్రాములు దాటితే ఈ ముప్పు పెరుగుతుంది. ఒళ్ళునొప్పుల మాత్రలు మెడికల్ షాపులో నువ్వే కొనుక్కోవడం ఇక మానెయ్.

ఒకప్పుడు ఈ క్రైసిస్ వస్తే ఏడాది బతికేవాళ్ళు నూటికి 15 మందే. యాంజియోటెన్సిన్ తయారవకుండా అడ్డుకునే క్యాప్టోప్రిల్ లాంటి మందులు వచ్చాక, 1990లో అచ్చయిన లెక్క ప్రకారం, 76 మంది. అలాగని ముందు జాగ్రత్తగా నీ అంతట నువ్వు ఆ మాత్ర వేసుకోకు, దానివల్ల మేలు జరగదు. అవసరమై డాక్టరు మొదలుపెడితే మాత్రం, క్రియాటినిన్ కొంచెం పెరిగిందని భయపడి ఆపేయకు. డయాలసిస్ దాకా వెళ్ళినవాళ్ళలో కొందరు ఏడాది తర్వాత కూడా దాన్నుంచి బయటపడ్డారు. నేనే సూదులు తీసి ఇంటికి పంపాను.

ఆదివారం పొద్దున్నే మీ ఇంటికొస్తాను. నా పాత పాదరసం మిషన్ తెస్తాను. నీ కొత్తదాన్ని దాంతో సరిచూద్దాం. పుస్తకం తెచ్చిపెట్టు, గీతలు కొట్టి ఉంచు.

మీ పెద్దమ్మ